కాదన్నవాడి బాకీ

కేరవాన్ అనగానే మన తెలుగువాళ్ళకి ముందు సినిమా హీరోలు గుర్తొస్తారు. షాటుకీ షాటుకీ మధ్య వాళ్ళు వెళ్ళి కూర్చునే చల్లటి బండి అది. ఇక్కడ ఖమీస్ ముషైత్‌లో దాదాపు అదే మాటతో పిలిచేది మోటర్‌హోమ్‌ని, అంటే వంటిల్లూ పడకలూ బాత్‌రూమూ అన్నీ ఉన్న చక్రాల ఇంటిని. ఒంటెల బిడారుకి పారశీకులు పెట్టుకున్న పేరు లోకమంతా తిరిగి, చివరికి ఇంజను తగిలించుకుని, ఒంటెలు నడిచిన దారికే వచ్చి చేరింది.

2022 డిసెంబరులో అలాంటి బండి ఒకటి నాలుగు రోజులకి అద్దెకి తీసుకుని మేమూ, మా స్నేహితుడి కుటుంబమూ కలిసి కొండల్లోంచి ఎడారిలోకి వెళ్ళి మళ్ళీ కొండల్లోకి వచ్చాం. సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఫొటోలు చూసినవాళ్ళంతా ఆ ప్రయాణం గురించి రాయమన్నారు. ఫొటోల్లో లేని ఒక సాయంత్రం ఉంది. రాస్తే దాని గురించే రాయాలి కనక ఇన్నాళ్ళూ ఆగాను.

ఆ సాయంత్రం ఒక మనిషి నన్ను ఒక సాయం అడిగాడు. నేను కాదన్నాను. అలా కాదనడం తప్పా అన్నది ఒక ప్రశ్న. తప్పు కాదనే అనుకుందాం, అక్కడితో నా పని అయిపోయినట్టేనా అన్నది ఇంకో ప్రశ్న. నన్ను ఇప్పటికీ వదలనిది ఆ రెండోదే.

సౌదీ అంటే ఇసకే అనుకునేవాళ్ళు ఖమీస్‌ని చూస్తే నమ్మరు. ఊరు సముద్రమట్టానికి సుమారు రెండువేల మీటర్ల ఎత్తులో ఉంది. ఎండాకాలం జెద్దా, రియాద్ మాడిపోతుంటే ఇక్కడ సాయంత్రం పూట వాన పడుతుంది. ఖమీస్ అంటే గురువారం. షహ్రాన్ తెగ పెద్దలైన ముషైత్ కుటుంబం పేరుతో జరిగిన గురువారం సంత ఇది. మన పల్లెల్లో బేస్తవారం సంత ఉన్నట్టే. ఆ సంతే పెరిగి పట్నమైంది. పక్కనే పెద్ద వైమానిక స్థావరం ఉంది. 2015లో యెమెన్ యుద్ధం మొదలయ్యాక డ్రోన్లూ క్షిపణులూ ఈ వైపుకి వచ్చేవి. 2022 ఏప్రిల్లో అక్కడ కాల్పుల విరమణ కుదిరాకే, దక్షిణం వైపు పిల్లల్ని వేసుకుని సరదాగా వెళ్ళొచ్చన్న ధైర్యం మాలాంటివాళ్ళకి వచ్చింది.

మొదటి మజిలీ హబలా, ఖమీస్ నుంచి గంట ప్రయాణం. అరబ్బీలో హబ్ల్ అంటే తాడు. నిట్టనిలువు కొండ అంచుకి దిగువన, చూరు కింద పిచ్చుకగూళ్ళలా, రాతి ఇళ్ళున్నాయి. ఒకప్పుడు పైనుంచి తాళ్ళు పట్టుకుని దిగడమే ఆ ఊరికి దారి. శత్రువులకి అందకుండా తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరని చెప్తారు. తర్వాత ప్రభుత్వం వాళ్ళని పైన కొత్త ఊళ్ళోకి తరలించింది. టూరిస్టుల కోసం రోప్‌వే వేసింది. ప్రాణభయంతో దిగిన చోటు చూడటానికి మనం టిక్కెట్టు కొనుక్కుని దిగుతాం. అప్పుడు నాకు ఇదేమీ తట్టలేదు. "ఇక్కడ కరెంటు ఎలా ఉండేది నాన్నా?" అని మా చిన్నది అడిగితే నవ్వుకున్నాం.

అక్కడి నుంచి నజ్రాన్, నజ్రాన్ నుంచి ఉత్తరంగా హిమా. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు ఇది. సుమారు ఏడువేల ఏళ్ళుగా ఆ దారిన పోయినవాళ్ళు అక్కడి రాళ్ళ మీద బొమ్మలూ అక్షరాలూ చెక్కుతూ పోయారు. జంతువులు, వేటగాళ్ళు, సైన్యాలు, ఎవరెవరివో పేర్లు. పాత బిడార్ల దారి అక్కడి నుంచే పోయేది. ఎందుకంటే అక్కడ బావులున్నాయి. మూడువేల ఏళ్ళ నాటి బావులు, ఇప్పటికీ నీళ్ళున్నాయి. ఆ దారిలో ఎంత గొప్పవాడైనా ఇంకొకడు తవ్విన నీళ్ళు తాగకుండా ముందుకి పోయి ఉండడు. మేం మాత్రం మా నీళ్ళు మేమే మోసుకెళ్తున్నాం. బండిలో నూటయాభై లీటర్ల ట్యాంకు, అది కాక సీసాల కట్టలు. ఎవరి అవసరమూ లేకుండా ఎడారి దాటగలగడమే మోటర్‌హోమ్ గొప్పతనమని మా స్నేహితుడు రెండు మూడుసార్లు అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను.

మూడో రోజు వాదీ అద్దవాసిర్ దాటి పడమటికి, తథ్లీత్ వైపు తిరిగాం. పొద్దు వాలుతోంది. రోడ్డుకి కొంచెం ఎడంగా, తుమ్మచెట్లలాంటి చెట్లు నాలుగున్న చోట బండి ఆపాం. మడతకుర్చీలు వేశాం. ఆడవాళ్ళు పులిహోర కలుపుతున్నారు. టేప్‌రికార్డర్ల కాలం కాదు కదా, ఫోన్‌లోనే ఘంటసాల పాడుతున్నాడు.

ఆ పాట విని వచ్చాడతను. ముందు దూరంగా గొర్రెలు కనిపించాయి, తర్వాత తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి. ఇరవై అడుగుల దూరంలో ఆగి, "తెలుగోళ్ళా అన్నా?" అన్నాడు. ఆ మాట అడిగేటప్పుడు అతని గొంతు సరిగ్గా రాలేదు. మాట్లాడి చాలా రోజులైన గొంతు అలా ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

జగిత్యాల దగ్గర పల్లె. ముప్ఫయ్యేళ్ళు ఉంటాయేమో, చూస్తే ఎక్కువ అనిపిస్తుంది. తోటపని అని చెప్పి పంపించారట. వచ్చాక గొర్రెలు అప్పజెప్పారు. రెండేళ్ళు కావస్తోంది. మా ఆవిడ టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు తాగాడు. నీళ్ళ సీసాలు ఇవ్వబోతే, "నీళ్ళు వద్దక్కా, వాయిత్ వస్తది వారానికోపాలి. ఫోను జరంత చార్జింగ్ పెట్టిస్తరా?" అన్నాడు. వాయిత్ అంటే నీళ్ళ ట్యాంకరు. ఆ నీళ్ళే అతనికీ గొర్రెలకీ. గుడారం దగ్గరున్న సోలార్ పలక పాడైపోయిందట. రోడ్డు మీద లారీలు ఆగితే డ్రైవర్లని బతిమాలి చార్జింగ్ పెట్టించుకుంటాడట.

ఫోను మా బండిలో పెట్టాను. అది నిండేదాకా మాట్లాడుకున్నాం. జీతం రాక ఏడు నెలలైంది. "ఇంటికాడ మిత్తి పెరుగుతున్నదన్నా. అప్పిచ్చినోడు మా అమ్మను రోజూ అడుగుతుండు" అన్నాడు. మిత్తి అంటే వడ్డీ. తర్వాత కొంచెంసేపు నేల చూసి, మా బండి మెట్టు మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగాడు.

"నన్ను ఖమీస్ దాక తీస్కపోతరా అన్నా? ఆడికి పోతే ఎవలన్న దారి సూపెడ్తరు."

నేను జవాబు చెప్పడానికి ఆలోచించలేదు. జవాబు ముందే సిద్ధంగా ఉంది. "తమ్ముడూ, అలా తీసుకెళ్ళడం ఇక్కడ చట్టరీత్యా నేరం. దారిలో చెక్‌పోస్టులున్నాయి. మేం చిక్కుల్లో పడతాం" అన్నాను. నేనన్నది అబద్ధం కాదు. నివాస నిబంధనలు మీరినవాళ్ళని బండిలో ఎక్కించుకున్నా, ఇంట్లో ఉంచుకున్నా జైలు, లక్ష రియాళ్ళ దాకా జరిమానా, ప్రవాసి అయితే దేశం నుంచి పంపించెయ్యడం ఉంటాయని ప్రభుత్వం మాటిమాటికీ ప్రకటిస్తుంది.

అతను బతిమాలలేదు. బతిమాలితే నేను కోపం తెచ్చుకుని ఉండేవాణ్ణేమో, కోపం వస్తే కొంత తేలికయ్యేది. మెట్టు మీద నుంచి చెయ్యి తీసి, నాకే సర్దిచెప్పాడు. "ఏం గాదన్నా. గొర్లను ఇడ్సిపెట్టి నేనన్న ఎట్లొస్త? రేపు పొద్దుగాల వాటికి నీళ్ళు ఎవలు పెడ్తరు?"

ఫోను నిండింది. నంబరు రాసుకున్నాను. అతను వద్దంటున్నా వినకుండా కొంచెం డబ్బు, బియ్యం, పచ్చడి, ఒక దుప్పటి ఇచ్చాం. గొర్రెలని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. చీకటి పడ్డాక చలి బాగా పెరిగింది. మేం ఎనిమిదిమంది తలుపు వేసుకుని వెచ్చగా పడుకున్నాం. రాత్రంతా నాకు ఒక్క విషయమే గుర్తొచ్చింది. మనిషి గంటన్నరసేపు మా గుమ్మంలో ఉన్నాడు. లోపలికి రమ్మని నేను అనలేదు.

మా తాతగారి ఇంటికి వీధివైపు రెండు అరుగులుండేవి. దారినపోయేవాళ్ళు కూర్చోవడానికే అవి. ఎవరు, ఏ ఊరు అని అడగకుండా మంచినీళ్ళు ఇచ్చేవారు. ఆ అరుగు దాటి ఎవరు లోపలికి రావచ్చో, ఎవరికి ఏ చెంబుతో నీళ్ళివ్వాలో అన్న లెక్కలు కూడా ఆ ఇంట్లోనే ఉండేవి. అది దాచి తాతగారి అరుగుని పొగిడితే అన్యాయం. అయినా గృహస్థు అంటే ఇల్లున్నవాడు, ఇల్లున్నవాడికి లేనివాడి పట్ల ఒక ధర్మం ఉంటుంది అన్నది నాకు అక్కడే తెలిసింది. మరి ఇంటికి చక్రాలు బిగించుకుని బయల్దేరితే ఆ ధర్మం ఊళ్ళోనే ఉండిపోతుందా? అతిథి మన ఇంటికి రావడం లోకరీతి. ఆ సాయంత్రం నా ఇల్లే వెళ్ళి ఒక మనిషి కాపురమున్న చోట ఆగింది. ఆ నేల మీద ఎవరు ఎవరికి అతిథి?

ఎడారి మనుషులకి ఈ విషయంలో మనకన్నా గట్టి కట్టుబాట్లున్నాయి. అతిథికి మూడు రోజుల ఆతిథ్యం ఇవ్వాలని ప్రవక్త సంప్రదాయం చెబుతుంది. గుడారంలోకి వచ్చి శరణు కోరినవాణ్ణి, అతను పగవాడైనా సరే, కాపాడి తీరాలన్నది బదూల పాత నియమం. అలా వచ్చినవాణ్ణి దఖీల్ అంటారు. లోపలికి వచ్చినవాడు అని ఆ మాటకి అర్థం. లోపలికి రావడమే అక్కడ హక్కు. నేను రమ్మనలేదు కనక అతను దఖీల్ కాలేదు. పూర్వం అయితే పెద్దమనుషులు ఈ తెలివితేటలకి నన్ను ఏమనేవారో ఊహించుకోగలను.

మనకి శిబి చక్రవర్తి కథ ఉంది. డేగ తరిమితే పావురం వచ్చి ఒళ్ళో వాలింది. శరణన్నదాన్ని ఇవ్వనన్నాడు శిబి. మనం మర్చిపోయేది డేగ వాదన. "ఇది నా ఆహారం. దీన్ని కాపాడి నన్ను చంపడం ఏం ధర్మం?" అని అది అడుగుతుంది. డేగకీ న్యాయముందని ఒప్పుకున్నాడు గనకే శిబి తన తొడ కోసి తక్కెడలో పెట్టాడు. ఆ గొర్రెల యజమానికీ ఒక వాదన ఉంటుంది. వీసాకి డబ్బు పెట్టాను, రాత్రికి రాత్రి మనిషి పోతే మందని ఎవరు చూస్తారు అంటాడు. ఏడు నెలల జీతం ఇవ్వనివాడు అలా అనడం ఎంతవరకు న్యాయం అన్నది వేరే సంగతి.

కథలో నన్ను ఆపేది ఇంకోటి. శిబి కోసుకున్నది తన తొడ. నేను పట్టుబడితే పోయేది నా ఒక్కడి ఉద్యోగం కాదు. మా ఆవిడ ఉద్యోగం, పిల్లల చదువు, మా స్నేహితుడు, వాళ్ళ ఆవిడ, వాళ్ళ పిల్లలు. ఇంకొకళ్ళ మాంసం కోసి తక్కెడలో వెయ్యడానికి నాకేం హక్కు? ఈ వాదన ఇప్పటికీ నాకు సరైనదే అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, చరిత్రలో తలుపు వేసుకున్నవాళ్ళంతా ఈ మాటే చెప్పారు. పిల్లలున్నవాణ్ణండీ అని. ఆ మాట నిజమవడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు.

వాడుకున్నానని నాకు చెప్పింది మా ఆవిడ. ఖమీస్ చేరాక రెండు రోజులకి, "మీకు భయమేసిందని చెప్తే సరిపోయేది కదండీ, అతనికి అర్థమయ్యేది. చట్టం అన్నారెందుకు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే నేను అతని ఇకామా చూపించమని అడగలేదు. అది చెల్లుతుందో లేదో తెలుసుకోలేదు. పారిపోయాడని యజమాని ఫిర్యాదు చెయ్యడాన్ని ఇక్కడ హురూబ్ అంటారు. అతని మీద అలాంటిదేమైనా ఉందో లేదో కనుక్కోలేదు. తర్వాత తెలిసింది, ఇకామా చెల్లుబాటులోనే ఉంది, హురూబ్ లేదు. మర్నాడు యజమాని ఫిర్యాదు చేసి ఉంటే పరిస్థితి మారేదే. కానీ ఆ సాయంత్రానికి అతను ఏ నేరమూ చెయ్యని మనిషి. నేను చెప్పింది చట్టం తెలిసి చెప్పిన మాట కాదు. భయానికి చట్టం చొక్కా తొడిగి నిలబెట్టాను.

ఈ ప్రశ్న నా ఒక్కడిదీ, ఈ దేశానిదే కాదు. ఫ్రాన్సులో, ఇటలీ సరిహద్దు కొండల్లో సెడ్రిక్ ఎరూ అనే ఆలివ్ రైతు, దాటి వచ్చిన పరదేశుల్ని తన బండిలో ఎక్కించుకుని ఇంట్లో ఉంచుకున్నాడు. కోర్టులో శిక్ష పడింది. చివరికి 2018 జులైలో అక్కడి రాజ్యాంగ మండలి సౌభ్రాతృత్వం కూడా రాజ్యాంగ విలువేనని, లాభాపేక్ష లేకుండా చేసిన మానవ సాయానికి రక్షణ ఉండాలని తీర్పు చెప్పింది. అమెరికాలో అరిజోనా ఎడారిలో స్కాట్ వారెన్ అనే భూగోళ శాస్త్ర అధ్యాపకుడు, సరిహద్దు దాటి వచ్చిన ఇద్దరికి తిండీ నీళ్ళూ నీడా ఇచ్చినందుకు 2018లో అరెస్టయ్యాడు. 2019 జూన్‌లో జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది, నవంబరులో రెండో జ్యూరీ నిర్దోషి అంది. వీళ్ళ గురించి చదివినప్పుడు గౌరవం కలుగుతుంది. కానీ వాళ్ళు నిలబడి వాదించుకోవడానికి సొంత దేశముంది, తమని అక్కడి నుంచి ఎవరూ పంపించలేరు. నేను ఇకామా మీద బతికేవాణ్ణి. అతనికీ నాకూ ఉన్న తేడా ఇకామాలో రాసిన వృత్తి పేరులోనే ఉంది. అయితే ఆ తేడా చిన్నదేం కాదు. 2021 మార్చిలో సౌదీ తెచ్చిన కార్మిక సంస్కరణలతో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికీ, దేశం బయటికి వెళ్ళి రావడానికీ వీలొచ్చింది. నాకు అది వర్తించింది. ఇంటిపనివాళ్ళకీ సొంత డ్రైవర్లకీ తోటమాలులకీ గొర్రెల కాపరులకీ వర్తించలేదు. అందరికన్నా ఎక్కువ అవసరమున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసుకుంది.

సరే, ఇక జరిగింది చెప్తాను. మా ఆవిడ మాట అన్న రాత్రి అతని నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. చార్జింగ్ అయిపోయి ఉంటుంది. రోజూ చేశాను. పదకొండో రోజున దొరికాడు. అసీర్ ప్రాంతం జెద్దాలో ఉన్న మన కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఖమీస్‌లో ఇలాంటి పనుల్లో నలిగిన ఒక మలయాళీ పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి వెళ్ళాను. నేను కథ చెప్పబోతే ఆపి, "కథ తర్వాత. ఇకామా నంబరు, కఫీల్ ఫోన్ నంబరు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, మనిషి ఉన్న చోటు. ఈ నాలుగూ తీసుకురా" అన్నాడు ఇంగ్లీషులో. ఆ నాలుగింటిలో ఒక్కటీ నా దగ్గర లేదు. గంటన్నర కూర్చుని మాట్లాడాను, పనికొచ్చే ముక్క ఒక్కటి అడగలేదు. జాలి పడటంలో మునిగిపోయాను.

ఆ నాలుగూ తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది. అతని ఫోన్‌కి నేను రీచార్జ్ చేసేవాణ్ణి, అతను లారీ కోసం ఎదురుచూసేవాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం చెయ్యాలని పెట్టుకున్నాం. పెద్దాయన కఫీల్‌తో మాట్లాడాడు. నేను అతన్ని రాక్షసుడిలా ఊహించుకున్నాను. ముసలాయన, తనకీ అప్పులున్నాయట. వెళ్ళనివ్వనని అనలేదు. "ఈతలు అయిపోనీ, కొత్తవాడు రానీ" అన్నాడు. గొర్రెల ఈతల కాలం, తర్వాత రంజాన్, తర్వాత పండగ. మధ్యలో రెండుసార్లు ఒప్పుకుని వెనక్కి పోయాడు. జీతం బకాయిలో కొంత వచ్చింది, కొంత రాలేదు. 2023 మే మొదటి వారంలో ఎగ్జిట్ వీసా పడింది.

ఈ ఐదు నెలల్లో నాకు అర్థమైంది ఒకటుంది. ఆ సాయంత్రం నేను సరేనని బండెక్కించుకుని ఉంటే నా పని ఖమీస్‌లో అయిపోయేది. ఊళ్ళో దింపి, చేతులు దులుపుకుని, పుణ్యం చేశానని పడుకునేవాణ్ణి. అతని కష్టం అక్కడే మొదలై ఉండేది. కాగితాలు లేవు, పాస్‌పోర్టు లేదు, వెనక ఫిర్యాదు. కాబట్టి తీసుకురాకపోవడమే మంచిదైందని నన్ను నేను సమర్థించుకోవచ్చు. ఫలితం చూసి వెనక్కి వెళ్ళి ఉద్దేశాన్ని దిద్దుకోవడం మనకి అలవాటే. కానీ ఆ సాయంత్రం నేను ఇవేవీ ఆలోచించి కాదనలేదు.

అవునన్నవాడికి ఒక పని చేస్తే తీరిపోతుంది. కాదన్నవాడికి అలా కాదు. "నువ్వు అడిగింది చెయ్యలేను" అన్న మాట నిజాయితీ అయిన మాట కావాలంటే, "అయితే చెయ్యగలిగింది ఏమిటి" అన్న ప్రశ్న దాని వెనకాలే రావాలి, ఆ ప్రశ్న ఆ మనిషి ఇల్లు చేరేదాకా ఆగకూడదు. శిబిలా తొడ కోసివ్వమని ధర్మం అందర్నీ అడగదేమో. శిబివి కాలేనని తెలుసుకున్నవాణ్ణి మాత్రం వాయిదాల మీద కట్టమంటుంది. ఆ వాయిదాలు శుక్రవారాలూ, రీచార్జులూ, ఎత్తని ఫోన్లూ, రెండోసారి వెళ్ళడానికి సిగ్గుపడే ఆఫీసు గుమ్మాలూ. ఇందులో వీరత్వమేమీ లేదు, అందుకే చాలామంది కట్టరు. నేను కూడా మా ఆవిడ ఆ ఒక్క మాట అనకపోతే కట్టి ఉండేవాణ్ణని చెప్పలేను.

కొన్నేళ్ళ క్రితం ఊరికి వెళ్ళినప్పుడు బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవల ఆడుజీవితం గురించి విన్నాను, సౌదీ ఎడారిలో మేకల మధ్య చిక్కుకున్న మనిషి కథ. 2024లో సినిమాగా వచ్చి తెలుగులోకీ డబ్ అయింది. చూసిన బంధువులు ఫోన్ చేసి, "మీ దగ్గర నిజంగా అలా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందన్నాను. ఆ సినిమాలో దారిన పోయే కార్ల వాళ్ళు ఎవరూ అని మాత్రం ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి, అందులో ఒకణ్ణి నేనని.

అబహా విమానాశ్రయానికి అతన్ని నేనే తీసుకెళ్ళాను. ఖమీస్ బస్టాండు నుంచి అరగంట దారి. ఆ రోజు కాదన్న ప్రయాణంలో మిగిలిన చివరి ముక్క అది. ఈసారి పక్క సీట్లో కూర్చున్నాడు. చేతిలో ఒక సంచి, మేమిచ్చిన దుప్పటి అందులోనే ఉంది. చెక్‌పోస్టు దగ్గర పోలీసు అడగకముందే కాగితాలన్నీ తీసి పట్టుకున్నాడు. పోలీసు చూడకుండానే వెళ్ళమన్నాడు.

కారులో నేను, "తమ్ముడూ, ఆ రోజు నిన్ను తీసుకురాలేకపోయాను" అన్నాను. చట్టం సంగతి ఎత్తలేదు. "భయపడ్డాను" అన్నాను.

"నాకెర్కే అన్నా" అన్నాడు. అంతే. ఫర్వాలేదు అనలేదు, మంచిపని చేశావు అనీ అనలేదు. ఆ రెండూ అనకపోవడం నాకు మంచిదే అయింది.

కొంచెం దూరం పోయాక, "మందను కొత్త పిలగానికి అప్పజెప్పిన. నేపాలోడు. చిన్నోడు, ఇర్వై ఏండ్లు గూడ లేవు. అరబ్బీ ముక్క రాదు. ఏ గొర్రె ఎట్లాంటిదో అన్నీ చెప్పొచ్చిన" అన్నాడు. తర్వాత ఫోన్ తీసి, "ఇది వాని నంబరు. రాసుకోన్నా. తెలుగు రాకుంటె ఏమాయె, హిందీ వస్తది. అప్పుడప్పుడు చెయ్యి" అన్నాడు.

కారు పక్కకి ఆపి రాసుకున్నాను. ఐదు నెలలు పట్టి నేను నేర్చుకున్న దాన్ని అతను వెళ్ళిపోయే దారిలో, ఎవరూ చెప్పకుండానే చేశాడు. అతనెవరికీ దేన్నీ కాదనలేదు, అతనికి ఎవరి బాకీ లేదు. అయినా తన తర్వాత వచ్చినవాణ్ణి ఒకరికి అప్పజెప్పాడు, గొర్రెల్ని అప్పజెప్పినట్టే.

మొదటి శుక్రవారం ఆ నంబరుకి నేను చెయ్యలేదు. ఒక పని పూర్తి చేశానన్న అలసటో, తృప్తో. రెండో శుక్రవారం మధ్యాహ్నం భోజనమయ్యాక మా ఆవిడ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళింది. చేశాను. చాలాసేపు మోగింది. తర్వాత ఎవరో చాలా రోజులుగా మాట్లాడని గొంతుతో "హలో" అన్నారు.